రెండు గంటలకోసారి వచ్చే మెలకువ: ఒక కేస్ స్టడీ

ఈ కేసును, నా దగ్గరికి చికిత్సకు వచ్చిన ఒక మహిళ అనుమతితో రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టేందుకు వీలిచ్చే వివరాలు మార్చాను, చికిత్సకు సంబంధించినవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను. రాసిన ప్రతిని ఆమెకు చూపించాను. ఒకప్పుడు ప్రూఫులు దిద్దిన చేయి కనుక అచ్చుతప్పులతో పాటు నేను పొరపాటుగా అర్థం చేసుకున్న ఒక సంగతిని కూడా సరిదిద్ది ఇచ్చారు.

ఎలా వచ్చారు

ఆమె వయసు 46 ఏళ్లు. పెళ్లి చేసుకోలేదు. తల్లికి పక్షవాతం వచ్చినప్పుడు ఉద్యోగం మానేసి ఇంటికి వచ్చేశారు. అలా తొమ్మిదేళ్లు గడిచాయి. చివరి నాలుగేళ్లు తల్లి పూర్తిగా మంచానికే పరిమితమయ్యారు. తల్లి పోయిన ఏడు నెలలకు ఆమె మా మానసిక ఆరోగ్య విభాగానికి వచ్చారు.

నేరుగా మా దగ్గరికి రాలేదు. ఛాతీలో బరువుగా ఉందని, ఊపిరి అందడం లేదని ముందు గుండె వైద్యుడిని కలిశారు. ఈసీజీ, ఎకో మామూలుగానే ఉన్నాయి. థైరాయిడ్, బీ12, హిమోగ్లోబిన్ కూడా చూశారు, వాటిలోనూ లోపం లేదు. ఆ పరీక్షలన్నీ ముందే కావడం నాకు మేలు చేసింది. థైరాయిడ్ లోపం గానీ రక్తహీనత గానీ అచ్చం కుంగుబాటు (డిప్రెషన్) లాగే కనిపించవచ్చు. అది తేల్చుకోకుండా మాటలతో చికిత్స మొదలుపెడితే రోగి కాలాన్ని వృథా చేసినట్టే.

కుంగుబాటు తీవ్రతను కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో మొదటి రోజు ఆమె స్కోరు 17. ఇందులో తొమ్మిది ప్రశ్నలుంటాయి, మొత్తం 27 పాయింట్లు. 15 నుంచి 19 మధ్య ఉంటే ఒక మోస్తరు దాటి తీవ్రత వైపు వెళ్తున్న కుంగుబాటుగా లెక్క. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి ఆమె ‘కొన్ని రోజులు’ అని గుర్తు పెట్టారు. ఆ గుర్తు చూశాక మిగతా కాగితం పక్కన పెట్టి నేరుగానే అడిగాను. “నన్ను నేను ఏమీ చేసుకోను మేడమ్. పొద్దున లేవకపోయినా ఫరవాలేదనిపిస్తుంది, అంతే” అన్నారు. ఆలోచనే తప్ప పథకమేదీ లేదు, ఎప్పుడూ ప్రయత్నించలేదు. అయినా ఆ రోజే ఇద్దరం కూర్చుని ఒక రక్షణ ప్రణాళిక రాసుకున్నాం. ఆ ఆలోచన బలపడితే మొదట ఎవరికి ఫోను చేయాలి, వారు ఎత్తకపోతే ఎవరికి, ఏ ఆసుపత్రికి వెళ్లాలి అన్నవి అందులో ఉన్నాయి. ‘మొదట ఎవరికి’ అన్న గడి దగ్గర ఆమె చాలాసేపు ఆగిపోయారు. చివరికి మా ఆసుపత్రి నంబరే రాశారు. ఆ ఆగిపోవడమే ఈ కేసులో నాకు దొరికిన మొదటి ఆధారం. అప్పుడు నేను దాన్ని పట్టించుకోలేదు.

నేను మొదట అనుకున్నది

తల్లి పోయింది, మనిషి కుంగిపోయింది, ఇది శోకం. అందరూ అదే అన్నారు, నేనూ అదే అనుకున్నాను. తగ్గకుండా మనిషిని పట్టి ఉంచే శోకాన్ని ఇప్పుడు వైద్యశాస్త్రం ఒక ప్రత్యేక సమస్యగా గుర్తిస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11 ప్రకారం అందుకు కనీసం ఆరు నెలలు గడిచి ఉండాలి. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2022లో తెచ్చిన రోగనిర్ధారణ పుస్తకం డీఎస్ఎం-5-టీఆర్ ప్రకారమైతే పెద్దవాళ్లకు పన్నెండు నెలలు. ఏడు నెలల దగ్గర ఉన్న ఈమె మొదటి లెక్కకు అందుతారు, రెండో లెక్కకు అందరు. నేను ‘కుంగుబాటు, దీర్ఘకాలిక శోకమని అనుమానం’ అని ఫైలులో రాసుకున్నాను.

అనుమానం బలపడటానికి ఒక కారణం ఉంది. తల్లి పడుకున్న మంచాన్ని ఆమె తీయలేదు. తల పక్క ఎత్తు పెంచడానికి చేతితో తిప్పే మర ఉన్న ఆసుపత్రి మంచం అది. దుప్పటి మార్చి, మడతలు సరిచేసి అలాగే ఉంచుతున్నారు. అన్నయ్య, చెల్లెలు మంచం తీసేయమని ఒకటికి రెండుసార్లు అడిగినా ఒప్పుకోలేదు. పాఠ్యపుస్తకంలో శోకం అధ్యాయానికి ఇంతకన్నా సరిపోయే ఉదాహరణ ఉండదనుకున్నాను.

మొదటి ఎనిమిది వారాలు ఆ దారిలోనే పని చేశాను. తల్లి జ్ఞాపకాలు మాట్లాడుకున్నాం. చెప్పాలనుకుని చెప్పలేకపోయిన మాటలను ఉత్తరంగా రాయించాను. తల్లి పోయినప్పుడు మనసులో ఎక్కడో ‘హమ్మయ్య’ అనిపించిందని, ఆ పాపం తనను వదలడం లేదని ఆమె ఏడ్చారు. ఏళ్ల తరబడి సేవ చేసినవారిలో చాలామందికి అలా అనిపిస్తుందని, అది ప్రేమ లేకపోవడానికి గుర్తు కాదని చెప్పాను. ఆ ఒక్క విషయంలో ఆమెకు నిజంగా ఊరట దొరికింది. మూడో వారంలో మా సైకియాట్రిస్టు ఒక మందు మొదలుపెట్టారు. నిద్ర కోసం డైరీ రాయించాను.

ఎనిమిదో వారం స్కోరు 15. రెండు నెలల శ్రమకు రెండే పాయింట్లు. సైకియాట్రిస్టు మందు మోతాదు పెంచారు. నేను కేసును మా బృందం ముందు పెట్టాను.

నర్సు అడిగిన ప్రశ్న

వారానికోసారి జరిగే ఆ సమావేశంలో సైకియాట్రిస్టు, నేను, సోషల్ వర్కర్, వార్డులో ఏళ్ల తరబడి పనిచేసిన సీనియర్ నర్సు కూర్చుంటాం. నిద్ర డైరీని అందరికీ ఇచ్చాను. నర్సు దాన్ని కాసేపు చూసి, “ఈవిడ లేచే వేళలు చూశారా? పన్నెండు, రెండు, నాలుగు. మంచం పట్టిన మనిషిని ఒత్తిగిలించే వేళలు కదా ఇవి” అన్నారు.

ఒకే పక్కకు పడుకుని ఉంటే ఒత్తిడి పడ్డ చోట రక్తం ఆడక పుండ్లు పడతాయి. అందుకే కదల్లేని రోగిని సుమారు రెండు గంటలకోసారి అటు ఇటు తిప్పి పడుకోబెట్టాలని నర్సులకు నేర్పుతారు. ఈమె నాలుగేళ్ల పాటు రాత్రుళ్లు కూడా ఆ పని తప్పలేదు. తల్లి ఒంటి మీద ఒక్క పుండు పడనివ్వలేదు. మనిషి పోయి తొమ్మిది నెలలు కావస్తున్నా ఆమె శరీరం ఇంకా ఆ డ్యూటీలోనే ఉంది. మూడు వారాల డైరీని నేను ‘ముక్కలు ముక్కలైన నిద్ర’ అని చదివాను. గడియారం చదవలేదు.

తర్వాతి సెషన్‌లో శోకం సంగతి ఎత్తలేదు. రాత్రి మెలకువ వస్తే ఏం చేస్తారని అడిగాను.

“వెళ్లి మంచం చూసి వస్తాను.”

“చూసినప్పుడు ఏమనిపిస్తుంది? అమ్మ గుర్తొస్తారా?”

ఆమె తల అడ్డంగా ఊపారు. “అమ్మ ఎప్పుడూ గుర్తొస్తూనే ఉంటుంది మేడమ్. మంచం చూస్తే ధైర్యం వస్తుంది. అది అక్కడున్నంత వరకు ఆ ఇంట్లో నేనెందుకున్నానో ఎవరూ అడగరు. అది తీసేస్తే ఆ తర్వాత తీయాల్సింది నన్నే.”

ఈ మాట దగ్గర కేసు మొత్తం తలకిందులైంది. ఆమె వదులుకోలేకపోతున్నది తల్లిని అని నేను నమ్మాను. ఆమె పట్టుకుని కూర్చున్నది తలదాచుకునే చోటును. తల్లి పోయిన నెలకు అన్నయ్య ఫోనులో “ఇంటి సంగతి ఏదో ఒకటి తేల్చుకోవాలి” అన్నారట. ఆ తర్వాత ఆ విషయం ఎవరూ ఎత్తలేదు. ఆ ఒక్క వాక్యం కింద ఆమె ఎనిమిది నెలలు బతికారు. రెండు నెలలుగా నా దగ్గర కూర్చుని ఉన్నా ఆ సంగతి చెప్పలేదు, ఎందుకంటే నేను అడగలేదు. మనసు డాక్టరు దగ్గర ఇంటి గొడవలు చెప్పకూడదేమో అనుకున్నారు.

మళ్లీ మొదటి నుంచి

అమెరికా వైద్యుడు జార్జ్ ఎంగెల్ 1977లో, జబ్బును శరీరంలో మాత్రమే వెతికితే చాలదని, మనసునూ మనిషి చుట్టూ ఉన్న సమాజాన్నీ కలిపి చూడాలని వాదించారు. మేమందరం ఆ పాఠం చదువుకున్నవాళ్లమే. మా కేసు పత్రంలో ‘సామాజిక పరిస్థితి’ అని ఒక గడి కూడా ఉంది. అందులో నేను రాసింది ‘అవివాహిత, ఒంటరి నివాసం’ అన్న మూడు మాటలు. ఇప్పుడు ఆ గడిని నిజంగా నింపడానికి కూర్చున్నాం.

ఒక కాగితం మధ్యలో ఆమె పేరు రాసి, గడిచిన వారంలో ఎవరెవరితో మాట్లాడారో చుట్టూ రాయమన్నాను. మూడు పేర్లు వచ్చాయి, అందులో ఒకటి నాది. అదే కాగితం వెనక వైపు, తల్లి బతికున్నప్పటి ఒక వారాన్ని గుర్తు చేసుకుని రాయమన్నాను. పదకొండు పేర్లు వచ్చాయి. వారానికి రెండుసార్లు వచ్చే ఫిజియోథెరపిస్టు, ఇంటికొచ్చి చూసే నర్సు, మందులు తెచ్చి ఇచ్చే కుర్రాడు, తల్లిని పలకరించడానికి వచ్చే ఇరుగుపొరుగు, రోజూ సాయంత్రం వీడియో కాల్ చేసే అన్నయ్య, చెల్లెలు. వాళ్లంతా వచ్చింది తల్లి కోసం. తల్లితో పాటే వెళ్లిపోయారు. వాళ్లలో ఎవరూ ఆమెకు ద్రోహం చేయలేదు, రావడానికి వాళ్లకు కారణం లేకుండా పోయింది, అంతే.

ఇక్కడ ఆస్ట్రియాలోని మారియెంటాల్ అనే చిన్న ఊరి సంగతి చెప్పాలి. 1929-30లో అక్కడి బట్టల మిల్లు మూతపడి దాదాపు ఊరంతా పని కోల్పోయింది. సామాజిక మనస్తత్వవేత్త మేరీ యహోడా, ఆమె సహచరులు అక్కడి జనజీవితాన్ని పరిశీలించారు. చేతినిండా తీరిక దొరికినవాళ్లు గ్రంథాలయానికి ఎక్కువగా వెళ్తారని ఎవరైనా అనుకుంటారు. కానీ పుస్తకాలు ఉచితంగా ఇచ్చినా తీసుకెళ్లడం తగ్గిపోయింది. ఉద్యోగం జీతంతో పాటు కనిపించని మరికొన్నింటిని కూడా ఇస్తుందని యహోడా తర్వాతి కాలంలో వివరించారు. రోజుకు ఒక క్రమం, ఇంటి బయటి మనుషులతో సంబంధం, నలుగురితో కలిసి ఒక పని సాధిస్తున్నామన్న భావం, సమాజంలో ఒక గుర్తింపు, చేతికి ఎడతెగని పని.

మా రోగి చేసినదానికి జీతం లేదు. అయినా ఈ ఐదూ ఆమెకు తల్లి సేవలోనే దొరికాయి. మందుల వేళలు ఆమె రోజును నడిపాయి. ‘ఎంత బాగా చూసుకుంటోంది’ అన్న మాట ఆమెకు హోదా. ఒక మధ్యాహ్నం ఆ ఐదూ ఒక్కసారిగా పోయాయి. వాటికి తోడు తల్లి పింఛను ఆగింది, ఇల్లు అనుమానంలో పడింది. లోకం దీన్నంతా కలిపి ‘అమ్మ పోయిన దుఃఖం’ అని ఒక్క పేరు పెట్టింది.

శోకం గురించి మనస్తత్వవేత్తలు మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షూట్ 1999లో చెప్పిన ఒక నమూనా ఉంది. ఆత్మీయులను కోల్పోయిన మనిషి రెండు పనుల మధ్య ఊగుతూ ఉంటాడంటారు వారు. ఒకటి, పోయినవారి కోసం దుఃఖించడం. రెండోది, మారిన జీవితాన్ని కొత్తగా నిలబెట్టుకోవడం. నేను ఎనిమిది వారాలూ మొదటి దాని మీదే పని చేశాను. రెండోదానికి ఆమె కాళ్ల కింద నేల ఉందో లేదో చూడలేదు.

సంతకం చేసిన కాగితం

ఆమె ఒప్పుకున్నాక అన్నయ్యను, చెల్లెలిని కలిపి ఒక సెషన్‌కు పిలిచాం. ఎవరో తప్పు చేసినట్టు వాతావరణం ఉండకూడదని సోషల్ వర్కర్, నేను ముందే మాట్లాడుకున్నాం.

ఆమె గొంతు పెగుల్చుకుని మంచం గురించి చెప్పినప్పుడు అన్నయ్య నిర్ఘాంతపోయారు. “ఆ మాట నేనెప్పుడు అన్నాను?”

“అమ్మ పోయిన నెలకే అన్నావు అన్నయ్యా.”

ఆయనకు గుర్తు లేదు. పన్ను కాగితాల్లో పేరు మార్చే విషయమై ఎప్పుడో అని ఉంటానన్నారు. నేను ఆయన్ను నమ్మాను. ఆయన అన్నది ఒక పని గురించి, ఆమె విన్నది తన బతుకు గురించి. రోజూ వచ్చే ఫోను ఎందుకు ఆగిందని చెల్లెలిని అడిగితే ఆమె చెప్పిన జవాబు ఇప్పటికీ నా మనసులో ఉంది. “అక్కకు ఫోను చేస్తే అమ్మ మంచం కనిపిస్తుంది. నాకు ధైర్యం చాలలేదు.”

ఇంట్లో ఎవరి వాటా ఎంత అన్నది నా పని కాదు. న్యాయవాదిని కలవమని మాత్రం గట్టిగా చెప్పాను. నేను అడిగింది ఒక్కటే, ఏ ఒప్పందమైనా నోటిమాటగా ఉండిపోకూడదని. రెండు వారాల తర్వాత వాళ్లు కాగితం రాయించుకున్నారు. రెండేళ్ల పాటు ఆమె ఆ ఇంట్లోనే ఉండవచ్చు. ఆ తర్వాత పంచుకునేటప్పుడు ఆమె సేవ చేసిన తొమ్మిదేళ్లను లెక్కలోకి తీసుకుంటారు. ముగ్గురూ సంతకాలు చేశారు.

పన్నెండో వారం స్కోరు 9. మందు మోతాదు పెంచి నాలుగు వారాలైంది, ఆ మందు పాత్ర ఇందులో తప్పకుండా ఉంది. కానీ నిద్ర డైరీ మరో సంగతి కూడా చెప్పింది. కాగితం చేతికొచ్చిన వారంలో పన్నెండింటి, రెండింటి మెలకువలు పోయాయి. నాలుగు గంటలది మిగిలింది. ఆ వారం నేను నేర్పిన కొత్త పద్ధతేదీ లేదు. కాగితాన్ని దిండు కింద పెట్టుకుని పడుకున్నానని ఆమె చెప్పారు.

నిలబెట్టుకోవడం

తర్వాతి పని నెమ్మదిగా సాగింది. రోజుకు రెండు నిర్ణీత వేళలు పెట్టుకోవడంతో మొదలుపెట్టాం. ఉదయం నడక ఒకటి, సాయంత్రం ఎవరో ఒకరితో మాట ఒకటి. మనసు బాగుపడ్డాక పని మొదలుపెట్టవచ్చు అనుకుంటే కుంగుబాటులో ఆ రోజు రాదు. చిన్న పని ముందు, ఉత్సాహం వెనక. అన్నయ్య మళ్లీ రోజూ ఫోను చేయసాగారు. మొదట్లో ఇద్దరికీ ఏం మాట్లాడాలో తెలిసేది కాదట. తొమ్మిదేళ్లుగా వాళ్లు అమ్మ గురించి తప్ప మాట్లాడుకోలేదు.

మనసు విప్పి మాట్లాడుకునే ఒక్క మనిషి ఉండటం ఎంత పెద్ద రక్షణో జార్జ్ బ్రౌన్, టిరిల్ హారిస్ లండన్‌లోని కాంబర్‌వెల్ మహిళల మీద చేసిన అధ్యయనంలో, 1978లోనే చూపించారు. జూలియాన్ హోల్ట్-లన్‌స్టాడ్ బృందం 2010లో 148 అధ్యయనాలను, 3,08,849 మంది వివరాలను కలిపి చూసింది. గట్టి సామాజిక సంబంధాలున్నవారు బతికి ఉండే అవకాశం 50 శాతం ఎక్కువని తేలింది. ఇలాంటి అంకెలు చదివి ‘నలుగురిలో కలవండి’ అని రోగికి సలహా ఇచ్చేయడం తేలిక. ఆ సలహా అంటే నాకు కోపం. ఏ నలుగురిలో? ఏ పని మీద వెళ్లి? మనుషుల మధ్యకు వెళ్లడానికి మనిషికి ఒక కారణం కావాలి, అక్కడ తన అవసరం ఉండాలి.

ఆమె విషయంలో ఆ కారణాన్ని చూపించింది మళ్లీ ఆ నర్సే. మంచం పట్టినవారిని ఇంట్లో చూసుకునే కుటుంబసభ్యులకు మా ఆసుపత్రిలో వారానికో రోజు శిక్షణ ఉంటుంది. “ఒక్క పుండు పడకుండా నాలుగేళ్లు చూసిన మనిషి. నాకన్నా బాగా చెప్తుంది” అన్నారామె. నాకు కొంత భయం వేసింది. పాత గాయం మళ్లీ రేగుతుందేమోనని మూడు వారాలు ఆలోచించాను. నిర్ణయం ఆమెకే వదిలాం. మొదటి రోజు వెనక బెంచీలో కూర్చుని వెళ్లిపోయారు. రెండో వారం ఒక యువకుడు తన తండ్రిని తిప్పలేక నడుము పట్టేసిందని చెబుతుంటే లేచి వెళ్లి, దుప్పటిని మడిచి ఒంటి కింద వేసి, దాన్ని లాగుతూ తిప్పడం ఎలాగో చూపించారు. ఆ గదిలో ఆమెను ‘పాపం, తల్లి పోయిందట’ అని చూసినవారు లేరు. పని తెలిసిన మనిషిగా చూశారు.

డబ్బు సంగతి అంత సులువుగా తేలలేదు. ఆమె ఉద్యోగం మానేనాటికి ప్రూఫులు కాగితం మీద దిద్దేవారు. ఇప్పుడంతా కంప్యూటర్ తెర మీదే. చెల్లెలి సాయంతో నేర్చుకున్నారు. ఇంటి నుంచే కొద్దికొద్దిగా పని వస్తోంది, ఇంకా చాలడం లేదు.

ఇరవయ్యో వారం స్కోరు 6. తొమ్మిదో ప్రశ్నకు ‘అసలు లేదు’. ఆ తర్వాత ఆరు నెలలకు వచ్చినప్పుడు 5. మందు ఆపే ఆలోచన సైకియాట్రిస్టుతో కలిసి చేస్తున్నాం, తొందరపడటం లేదు.

ఇంతకు ముందు చెప్పిన దిద్దుబాటు గురించి. మంచం ‘తీసేశారు’ అని మొదట రాశాను. ఆమె ఆ మాట కొట్టేసి ‘ఇచ్చారు’ అని రాశారు. శిక్షణకు వచ్చే ఒక కుటుంబానికి ఆ మంచం అవసరమైతే ఇచ్చారు. మర ఎటు తిప్పాలో చూపించడానికి తనూ వెంట వెళ్లారు. ఆ ఇంటికి ఇప్పుడు పది రోజులకోసారి వెళ్తుంటారు.

నాలుగు గంటల మెలకువ ఇంకా ఉంది. దాన్ని పోగొట్టమని ఆమె నన్ను అడగడం లేదు. కాగితంలోని రెండేళ్ల గడువుకు ఇంకా ఏడాది పైన ఉంది. గడువు ముగియడానికి మూడు నెలల ముందు ముగ్గురినీ మళ్లీ పిలవాలని ఫైలు మొదటి పేజీలో, సామాజిక పరిస్థితి గడి పక్కన, తేదీ వేసి రాసుకున్నాను.